పాతొక వింత, కొత్తొక రోత

దసరాకి మా మామయ్య వచ్చి వారం రోజులు వుండి వెళ్ళాడు. ఆ వారంలో మా ఇంట్లో జరిగిన యుద్ధాన్ని గురించి, "రాసి పారెయ్యరాదూ, ఎలాగూ నవల ముందుకి కదలటం లేదంటున్నావుగా!" అని మా వారు వేళాకోళం చేశారు. నేను నిజంగానే రాస్తున్నాను. అది ఆస్తి తగాదా కాదు. పెళ్ళి సంబంధాల గొడవ అంతకన్నా కాదు. ఎక్కడో లండన్‌లో పుట్టి, మధ్యలో కోర్టుకెక్కి, విడిపోయి, ఐదుగురిలో ఇద్దరు కన్నుమూసి, మిగిలిన ముగ్గురూ ఎనభయ్యో పడికి అటూ ఇటూగా వున్న ఒక పాటల బృందం గురించి! పేరు పింక్ ఫ్లాయిడ్.

రాక్ సంగీతం అనగానే చెవుల్లో దూది పెట్టుకోవటానికి లేవబోతున్నవారు ఒక్క నిమిషం కూర్చోండి. ఆ పాటలు వినమని మిమ్మల్ని బలవంతం చెయ్యను. ఈ తగాదా మీ ఇంట్లో ఘంటసాల గారి మీదో, బాలు గారి మీదో ఏనాడో జరిగే వుంటుంది. పేర్లు మార్చుకుని చదువుకోండి, సరిపోతుంది.

విజయదశమి మర్నాడు పొద్దున్న మామయ్య కాఫీ గ్లాసుతో హాల్లో కూర్చున్నాడు. ఇంజనీరింగు రెండో ఏడు చదువుతున్న మా అబ్బాయి ఫోను నొక్కి, అరచెయ్యంత స్పీకరులో ఏదో పాట పెట్టాడు. గిటారు సన్నగా, తెరలు తెరలుగా వస్తోంది.

"ఏవిట్రా అది?" అన్నాడు మామయ్య.

"పింక్ ఫ్లాయిడ్, తాతయ్యా. నీకు తెలీదులే."

అంతే! గ్లాసు ఠక్కున బల్ల మీద పడింది. "నాకు తెలీదా? మీ అమ్మ పుట్టకముందు నుంచీ వింటున్నానురా నేను! నాకు తెలీని పింక్ ఫ్లాయిడ్ పాట లేదు. ఇది నాకు తెలీదు. అంచేత ఇది పింక్ ఫ్లాయిడ్ కాదు. వాళ్ళ బోర్డు తగిలించుకున్న వేరే దుకాణం. అసలు కొట్టు 1983లోనే మూసేశారు."

వంటింట్లో కొబ్బరి కోరుతున్నదాన్ని, చెయ్యయినా కడుక్కోకుండా ఇవతలికి వచ్చేశాను. ఎందుకంటారా? ఆ పాట 1994 నాటి 'ది డివిజన్ బెల్' ఆల్బమ్ లోది. అంటే, నాది!

"మామయ్యా, నువ్వు ఎన్నయినా అను. ఆ ఆల్బమ్ జోలికి మాత్రం రాకు."

"నువ్వూ ఆ బాపతేనటే?" అన్నాడు మామయ్య, నేనేదో చెయ్యరాని పని చేసినట్టు చూస్తూ.

మా అబ్బాయి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "1983కీ 1994కీ తేడా ఏవిటి? అన్నీ పాతవేగా!" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నేనూ మామయ్యా శత్రుత్వం మరిచిపోయి, ఇద్దరం కలిసి వాడి మీద పడ్డాం అనుకోండి!

అసలు కథ కొంచెం చెప్పకపోతే ఈ తగాదా మీకు అందదు. 1965లో లండన్‌లో, ఆర్కిటెక్చర్ చదువులో పరిచయమైన ముగ్గురు కుర్రాళ్ళు – రోజర్ వాటర్స్, నిక్ మేసన్, రిచర్డ్ రైట్ – చిత్రకళ చదువుతున్న సిడ్ బారెట్ అనే మరో కుర్రాడితో కలిశారు. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ గాయకుల పేర్లలోంచి చెరొక ముక్కా తీసి బృందానికి పేరు పెట్టింది ఈ బారెట్టే. పాటలు రాసేదీ, పాడేదీ, గిటారు వాయించేదీ ముఖ్యంగా అతనే. చూడటానికి అందగాడు. 1967 ఆగస్టులో వాళ్ళ మొదటి ఆల్బమ్ వచ్చింది. అప్పటికి బారెట్‌కి ఇరవై ఒక్కటి. ఆ వేళకే అతని మనసు చెదరటం మొదలుపెట్టింది. మత్తు పదార్థాల పాత్ర అందులో చాలా వుందంటారు. కచేరీలో నిలబడి వాయించకుండా శూన్యంలోకి చూస్తూ వుండిపోయేవాడట. అతనికి సాయంగా డేవిడ్ గిల్మోర్ అనే కేంబ్రిడ్జి స్నేహితుణ్ణి తెచ్చుకున్నారు. 1968 ఏప్రిల్ కల్లా బారెట్ బృందంలో లేడు.

ఇక్కడ ఒక తమాషా చూడండి. "వీళ్ళ పని అయిపోయింది, ఇక తర్వాతి పాటలేం పాటలు!" అని మొట్టమొదట అనుకున్నది ఎవరో కాదు, వాళ్ళ వ్యవహారాలు చూసే మేనేజర్లే! పీటర్ జెన్నర్, ఆండ్రూ కింగ్ అనే ఆ ఇద్దరూ, ప్రతిభంతా బారెట్‌దే కదా అని, బృందాన్ని వదిలి అతనితో వెళ్ళిపోయారు. లోకజ్ఞానం వున్నవాళ్ళు ఎవరైనా ఆనాడు అదే చేసి వుండేవారేమో. కానీ ఐదేళ్ళు తిరక్కుండా ఆ మిగిలిపోయినవాళ్ళే 1973 మార్చిలో 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' అనే ఆల్బమ్ తెచ్చారు. అమెరికాలో ఎక్కువగా అమ్ముడయ్యే రికార్డుల పట్టికలో అది 1973 నుంచి 1988 దాకా మొత్తం 741 వారాలు కూర్చుంది. వారాలు సుమండీ, రోజులు కావు!

మా మామయ్య ఈ కథలోకి వచ్చింది అప్పుడు. 1974లో మద్రాసులో ఇంజనీరింగు చదువుతున్నాడు. హాస్టల్లో ఒకడి అన్నయ్య అమెరికా నుంచి ఆ రికార్డు తెచ్చాడట. పన్నెండు మంది కుర్రాళ్ళు ఒక గదిలో దూరి, దీపం ఆర్పేసి, ఫ్యాను చప్పుడు అడ్డం వస్తోందని అది కూడా ఆపేసి, చెమటలు కక్కుతూ విన్నారట. మద్రాసు ఎండల్లో ఫ్యాను ఆపుకుని విన్నారంటే ఆ భక్తి ఎలాంటిదో మీరే వూహించండి! మామయ్యకి అదే అసలు పింక్ ఫ్లాయిడ్. దానికి ముందున్నది చిన్నపిల్లల ఆట. తర్వాత వచ్చింది ఒక మంచి పదేళ్ళు. ఆ తర్వాతది నకిలీ సరుకు.

కానీ 1967లో లండన్ క్లబ్బుల్లో బారెట్‌ని కళ్ళారా చూసిన వాళ్ళని అడిగి చూడండి! వాళ్ళలో ఎందరికో మామయ్య ఆరాధించే ఆ రికార్డే "తర్వాతి పాట". గడుసుతనం పోయింది, పిచ్చి పోయింది, అంతా నునుపు చేసి అమ్మకానికి పెట్టారు అని వాళ్ళ బాధ.

1975 జూన్ 5న జరిగింది చెబితే నాకు ఇప్పటికీ మనసు ఒకలా అయిపోతుంది. లండన్‌లోని అబీ రోడ్ స్టూడియోలో ఆ నలుగురూ 'విష్ యు వర్ హియర్' ఆల్బమ్ పనిలో వున్నారు. అందులో ఒక పెద్ద పాట దూరమైపోయిన బారెట్‌ని తలుచుకుంటూ చేసిందే. ఆ పాటని సరిచూసుకుంటూ వుంటే ఒక లావుపాటి మనిషి లోపలికి వచ్చి నిలబడ్డాడు. గుండు, కనుబొమలు కూడా గీసేసుకున్నాడు. ఎవరో స్టూడియో మనిషి కాబోలు అనుకున్నారు. చాలాసేపటికి గాని అతను బారెట్ అని ఒక్కరూ పోల్చుకోలేకపోయారు. ఏడేళ్ళ క్రితం దాకా పక్కన కూర్చుని అన్నం తిన్న స్నేహితులు! వాళ్ళ మనసులో, వాళ్ళ పాటలో వున్నది ఇరవై ఏళ్ళ అందగాడు. ఆ పాటే వింటూ ఎదురుగా నిలబడినవాడు వేరే.

తర్వాత బారెట్ కేంబ్రిడ్జికి వెళ్ళిపోయి, బొమ్మలు వేసుకుంటూ, తోటపని చేసుకుంటూ బతికాడు. 2006 జులై 7న, అరవయ్యో ఏట పోయాడు. అన్నేళ్ళూ అభిమానులు అతని ఇంటి తలుపు తడుతూనే వుండేవారు. వాళ్ళకి కావలసింది ఆ తోటమాలి కాదు కదా పాపం.

1977 నాటికి ఇంగ్లండులో ఇంకో తరం లేచింది. చిరిగిన చొక్కాలూ, నిటారుగా నిలబెట్టిన జుట్టూ, మూడే మూడు నిమిషాల పాటలూ. పంక్ అన్నారు. వాళ్ళలో పేరుమోసిన జానీ రాటన్ అనే కుర్రాడు పింక్ ఫ్లాయిడ్ బొమ్మ వున్న చొక్కా తొడుక్కుని, పైన "నాకు అసహ్యం" అనే అర్థం వచ్చేట్టు రాసుకుని తిరిగాడు. ఇరవై నిమిషాల పాటలూ, కోటీశ్వరుల కళాకారులూ వాళ్ళకి గిట్టలేదు. అదే ఏడు ది డామ్‌డ్ అనే పంక్ బృందం తమ రెండో ఆల్బమ్‌కి నిర్మాతగా సిడ్ బారెట్ కావాలని కోరుకుంది! అతను దొరకలేదు. చివరికి ఆ పని చేసిపెట్టింది పింక్ ఫ్లాయిడ్ డ్రమ్ము వాయించే నిక్ మేసనే. బామ్మ అంటే ముద్దు, అమ్మ అంటే పోట్లాట. మన ఇళ్ళల్లో జరగటం లేదూ?

ఆ జులైలోనే మాంట్రియల్ కచేరీలో, కేకలు పెడుతూ కంచె ఎక్కబోయిన ఒక అభిమాని మొహం మీద వాటర్స్ వుమ్మేశాడు. చేసిన పనికి తనకే రోత పుట్టి, ప్రేక్షకులకీ తనకీ మధ్య ఒక గోడ కట్టాలనుకున్నాడట. ఆ ఆలోచనే 1979లో 'ది వాల్' అయింది. లోకం నెత్తిన పెట్టుకుంది. కానీ ఆ గోడ ముందు వాళ్ళ మధ్యనే లేచింది. అప్పటికి పాటలన్నీ దాదాపు వాటర్స్ చేతిలోకి వచ్చేశాయి. కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్ నోట్లో నాలుక లేని మనిషి. సరిగా పని చెయ్యటం లేదని అతన్ని తీసేశారు. అయితే ఆ గోడ కట్టే కచేరీలకి మాత్రం జీతం ఇచ్చి వాయించమన్నారు. ఖర్చు తడిసి మోపెడై కచేరీలకి నష్టం వచ్చింది. భాగస్వాములు ముగ్గురూ ఆ నష్టాన్ని మోశారు. జీతం రాళ్ళు చేత పుచ్చుకున్న రైట్ ఒక్కడే లాభపడ్డాడు!

1983 మార్చిలో 'ది ఫైనల్ కట్' వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో, ఐదు నెలల పసివాడైన తనని వదిలి ఇటలీలో చనిపోయిన తండ్రికి వాటర్స్ అంకితం ఇచ్చిన ఆల్బమ్ అది. మామయ్య దృష్టిలో కొట్టు మూసేసింది అక్కడే. 1985 చివర్లో వాటర్స్ బయటికి వెళ్ళిపోయాడు. తను లేకపోతే ఆ పేరు కూడా వుండకూడదని 1986లో కోర్టుకెక్కాడు. గిల్మోర్, మేసన్ ఒప్పుకోలేదు. 1987లో 'ఎ మొమెంటరీ లాప్స్ ఆఫ్ రీజన్' తెచ్చేశారు. నేర్పుగా చేసిన నకిలీ అన్నట్టు వాటర్స్ దాన్ని తీసిపారేశాడు. అదే ఏడు తన సొంత ఆల్బమ్‌తో అతను వాళ్ళకన్నా చిన్న హాళ్ళలో పాడుతుంటే, అతను లేని పింక్ ఫ్లాయిడ్ స్టేడియాలు నింపింది. జనం బోర్డు చూసి వచ్చారని మామయ్య. బోర్డు చూసి వచ్చినవాళ్ళు పాట వినకుండా లేచిపోలేదుగా అని నేను.

నిజం చెప్పొద్దూ, ఆ 1987 ఆల్బమ్‌ని నేను కూడా పూర్తిగా సమర్థించలేను. బయటి వాద్యగాళ్ళని చాలామందిని పిలిపించుకున్నారు. రైట్‌ని కూడా చివర్లో, మళ్ళీ జీతం మీదే పిలిచారు. ఆ సంగతి వాళ్ళకీ మనసులో ముల్లులా వుందేమో, 2019లో ఆ ఆల్బమ్‌ని విప్పి, మేసన్ చేత డ్రమ్ములు మళ్ళీ వాయించి, అప్పటికే పోయిన రైట్ పాత కచేరీల్లో వాయించిన ముక్కలు తెచ్చి అతికి, కొత్తగా కలిపారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత చీరకి అంచు మార్చి కుట్టుకున్నట్టు!

ఇక నా సంగతి. 1995లో విశాఖపట్నంలో బి.ఏ. మొదటి సంవత్సరం. హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి 'ది డివిజన్ బెల్'ని ఖాళీ క్యాసెట్టులో ఎక్కించి నా పుట్టినరోజుకి ఇచ్చింది. ఆల్బమ్ అరవై ఆరు నిమిషాలు. క్యాసెట్టు అరవై నిమిషాలది. అంచేత చివరి పాట మొదలై, చర్చి గంట మోగుతూ వుండగా, ఇంకా చాలా వుందనగానే టేపు టక్కున ఆగిపోయేది. అది పాట అక్కడికే అయిపోవటం అనుకున్నాను. పూర్తి పాట వినటానికి నాకు మరో పదేళ్ళు పట్టింది. ఇప్పటికీ నా మనసులో ఆ పాట అక్కడే తెగుతుంది.

వాటర్స్ అంటే ఎవరో, కోర్టు కేసు ఏవిటో అప్పట్లో నాకేం తెలుసు! ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోలేని మనుషుల గురించిన పాటలవి. పద్దెనిమిదేళ్ళ పిల్లకి, ఇంటికి వుత్తరం ముక్క రాయటానికి కూడా మొహమాటపడే పిల్లకి, అంతకన్నా ఏం కావాలి? నా మొదటి నవలలో హాస్టలు గది అధ్యాయం రాస్తున్నంతసేపూ నా చెవిలో ఆ గిటారే మోగింది. వినటానికి నేను ఆలస్యంగా వచ్చానని నాకెవరూ చెప్పలేదు. వచ్చిన వాళ్ళకి ఎప్పుడూ అప్పుడే మొదలు.

అయితే ఆ ఆల్బమ్‌లో నేను చాలా ఏళ్ళ వరకూ గమనించని విషయం ఒకటుంది. అందులో ఒక పాట గిల్మోర్ పాడలేదు. 'వేరింగ్ ది ఇన్‌సైడ్ అవుట్' అనే ఆ పాట పాడింది రిచర్డ్ రైట్. 1973 తర్వాత బృందం ఆల్బమ్‌లో అతను ముందుకొచ్చి పాడటం అదే. మధ్యలో ఇరవై ఒక్క సంవత్సరాలు! ఐదు పాటల స్వరరచనలో చెయ్యి కలిపాడు. జీతగాడుగా కాదు, మళ్ళీ బృందంలో మనిషిగా. గొంతు కాస్త అరిగింది. చాలాకాలం తాళం వేసి వుంచిన గది తలుపు తీసినట్టు, జాగ్రత్తగా, మెల్లిగా వస్తుంది.

ఇదంతా మూడో రోజు రాత్రి భోజనాల దగ్గర చెప్పి, "నువ్వు అసలుసిసలు అనే 1983 ఆల్బమ్‌లో రైట్ లేనే లేడుగా మామయ్యా?" అన్నాను.

"నీ దాంట్లో వాటర్స్ లేడు" అన్నాడు మామయ్య, పెరుగన్నం కలుపుకుంటూ.

"మొదటి దాంట్లో గిల్మోర్ లేడు" అన్నాడు మా అబ్బాయి, ఫోనులో చూసి.

"డార్క్ సైడ్‌లో నలుగురూ వున్నార్రా!"

"బారెట్ లేడుగా తాతయ్యా!"

కాసేపు ఎవరం మాట్లాడలేదు. నిజమే కదా! ఎవరి తరం వాళ్ళు 'ఇదే అసలు' అని దాచుకున్న దాంట్లో ఎవరో ఒకరు లోటే. ఆ లోటు మనం రాకముందు జరిగిందయితే మనకి తెలీదు. మనం వచ్చాక జరిగితే ప్రాణం పోయినట్టుంటుంది. పెళ్ళయి వచ్చిన కోడలికి, తను రాకముందే పోయిన మామగారు గోడ మీద ఫోటో. అత్తగారికి అలా కాదుగా!

2005 జులై 2న లండన్ హైడ్ పార్కులో లైవ్ 8 కచేరీకి వాటర్స్, గిల్మోర్, మేసన్, రైట్ నలుగురూ కలిసి ఎక్కారు. ఇరవై నాలుగేళ్ళ తర్వాత! ఆ సాయంత్రం మటుకు అన్ని తరాల అభిమానులూ ఒక్కటయ్యారు. పాడినవన్నీ 1973కీ 1979కీ మధ్యవే సుమా అని మామయ్య ఇప్పటికీ మీసం దువ్వుతాడు. మూడేళ్ళు తిరిగేసరికి, 2008 సెప్టెంబరులో రైట్ పోయాడు. 1993, 94 ప్రాంతాల్లో అతనితో కలిసి వాయించి పక్కన పెట్టేసిన టేపులు తీసి, వాటి మీద పని చేసి, అతని జ్ఞాపకంగా 2014లో 'ది ఎండ్‌లెస్ రివర్' తెచ్చారు గిల్మోర్, మేసన్. మాటలున్న పాట ఒక్కటే. మిగతాదంతా వాద్యమే.

"రాత్రి మిగిలిన అన్నానికి పొద్దున్న తాలింపు పెట్టారు" అన్నాడు మామయ్య. ఇక్కడ నేనూ మామయ్య పక్షమే! 94 నాటి ఆల్బమ్ ముందు అది నాకూ చప్పగానే వుంటుంది.

మా అబ్బాయికి మాత్రం అదే ప్రాణం. పరీక్షలప్పుడు రాత్రంతా మెల్లిగా పెట్టుకుని చదువుకుంటాడు. వాడు మొదట విన్నదీ అదే. అది మిగిలిపోయిన అన్నమని వాడికెవరు చెప్పారు? వేడివేడిగా తన కంచంలోనే పడింది! దాని అట్ట మీది బొమ్మ, మబ్బుల మీద పడవ నడుపుతున్న మనిషి, వేసింది పద్దెనిమిదేళ్ళ ఈజిప్టు కుర్రాడు. 1994 అక్టోబరులో ఆ బృందం చివరి కచేరీ యాత్ర ముగిశాక పుట్టినవాడన్నమాట. వాడికీ, మా వాడికీ ముందూ వెనకా లేవు. ఫోనులో 1967, 1994, 2014 అన్నీ పక్కపక్కనే వుంటాయి. మామయ్య ఒక్కో రికార్డుకీ రెండేళ్ళు ఎదురు చూశాడు. ఎదురు చూసి తెచ్చుకున్నది బాగుండకపోతే కోపం వస్తుంది. ఎదురు చూడనివాడికి కోపమెందుకు?

పోనీ, ఈ లెక్క వాళ్ళకైనా తేలిందా? 2019లో తెచ్చిన పెద్ద పెట్టె మీద 'తర్వాతి సంవత్సరాలు' అనే అర్థంతో వాళ్ళే పేరు పెట్టుకున్నారు. అది 1987తో మొదలవుతుంది. 1967 నుంచి 1983 దాకా పన్నెండు ఆల్బమ్‌లు. ఆ తర్వాత మూడే మూడు. మేసన్ 2018లో వేరే బృందం కట్టుకుని, డార్క్ సైడ్‌కి ముందు పాటలు మాత్రమే వాయిస్తున్నాడు. వాటర్స్ ఎనభయ్యో పుట్టినరోజు చేసుకున్న మర్నెల, 2023 అక్టోబరులో, ఆ డార్క్ సైడ్‌నే ముసలి గొంతుతో, సగం మాట్లాడుతున్నట్టుగా, మళ్ళీ చేసి ఇచ్చాడు. అభిమానుల్లో చాలామందికి అది మింగుడు పడలేదు. అన్నేళ్ళ కిందట తను చేసిన దాన్ని ముట్టుకునే హక్కు అతనికే లేదన్నట్టు మాట్లాడారు!

ఇక్కడ నా గోడు ఒకటి చెప్పుకోవాలి. జూన్ నెలలో నాకొక పాఠకురాలు వుత్తరం రాశారు. చక్కటి దస్తూరి. నా మొదటి నవలని డిగ్రీ రోజుల్లో తలగడ కింద పెట్టుకుని నిద్రపోయారట. తర్వాతివన్నీ కొన్నారట, చదివారట. "అందులో వున్న మీరు ఏరండీ? నేను ఆవిడ కోసం వెతుక్కుంటున్నాను" అని రాశారు. తిట్టి రాసినా బాధపడేదాన్ని కాదు. అంత ప్రేమగా రాశారే, అదీ నా బాధ! రాస్తున్న నవల ఎనిమిదో అధ్యాయంలో ఆగిపోయింది. కలం పట్టుకుంటే చాలు, ఆ ఇరవై ఆరేళ్ళ అమ్మాయి వచ్చి భుజం మీంచి తొంగి చూసేది. ఆవిడ రాసినట్టు నేను రాయలేను. ఆవిడకి అమ్మ బతికి వుంది, నాకు లేదు. ఆవిడకి తెలియనివి నాకు చాలా తెలుసు. ఆ తెలిసినవాటిని ఏం చేసుకోను? మానేస్తే హాయి కదా అనిపించేది. మానేసినవాళ్ళని ఎవరూ ఏమీ అనరు. సిడ్ బారెట్ పాటలు మానేశాక అతనికి తర్వాతి పాటలు లేవు. అందుకే అతన్ని ఎవరూ వాటితో కొలవలేదు. ఘంటసాల గారు భగవద్గీత పాడింది చివరి రోజుల్లోనే. పాత పాటలే బాగున్నాయని ఎవరైనా అన్నారని, ఆయన అది పాడకుండా వూరుకుంటే?

ఈ మాటలు నాకు నేను చెప్పుకుంటున్నవే. ఎంతకీ నమ్మకం కుదరలేదు.

మామయ్య వెళ్ళే ముందు రోజు రాత్రి ముగ్గురం డాబా మీద కూర్చున్నాం. మా అబ్బాయి ఏమీ చెప్పకుండా ఆ రైట్ పాట పెట్టాడు. మామయ్య ఏదో అనబోయి, గొంతు మొదలయ్యేసరికి ఆగిపోయాడు. చివరిదాకా కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఎవర్రా ఈ పాడింది?"

"రిచర్డ్ రైట్, తాతయ్యా. అమ్మ మొన్న చెప్పిందిగా."

"అతన్ని వెళ్ళగొట్టారుగా. ఈ పాట ఎప్పటిది?"

"94."

మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, మాతో కాదన్నట్టు, చీకట్లోకి చూస్తూ చెప్పాడు: "83లో మీ అత్తయ్యకి ఆపరేషను అయింది చూడు... ఆ చివరి రికార్డు కొన్న నాలుగు నెలలకి. రికార్డు ప్లేయరూ, ఎల్.పి.లూ అన్నీ కలిపి ఇచ్చేశాను. ముప్ఫై రెండుండేవి. ఆ తర్వాత మరి నేను ఏదీ వినలేదమ్మాయ్."

అత్తయ్య ఆపరేషను సంగతి నాకు తెలుసు. రికార్డుల సంగతి తెలీదు. ఇంట్లో ఎవరికీ తెలీదు. కొట్టు మూసేశారు, మూసేశారు అని నలభై ఏళ్ళుగా అంటుంటే, కోపం వాళ్ళ మీదేననుకున్నాం.

"అయితే తెరిచే వుందన్నమాట" అన్నాడు మామయ్య. "ఏదీ, ఇంకోసారి పెట్టు."

మర్నాడు బస్సెక్కేముందు మా అబ్బాయి ఆ ఆల్బమ్ మామయ్య ఫోనులో ఎక్కించి, ఎలా నొక్కాలో మూడుసార్లు చూపించాడు. వూరు చేరాక మామయ్య ఫోను చేశాడు. "రైటు పాట ఒక్కటే బావుందే. మిగతాదంతా మామూలే. వాటర్స్ వుంటే వేరుగా వుండేది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది.

ఆ పాఠకురాలికి జవాబు ఇంకా రాయలేదు. ఆవిడ వెతుకుతున్న మనిషి నిజంగానే ఇక్కడ లేదు. వేరే ఆవిడ వుంది, వీలైతే ఒకసారి చూసి వెళ్ళండి అని రాద్దామనుకుంటున్నాను. తొమ్మిదో అధ్యాయం మాత్రం నిన్న మొదలుపెట్టాను. ఎలా వస్తుందో చెప్పలేను. మొదటి నవలలా మటుకు వుండదు.